ర్యాగింగ్‌ను మొదలుకాకముందే ఆపడం ఎలా: కళాశాలలకు ఏడాది పొడవునా పనికొచ్చే మార్గదర్శి

కొత్త విద్యాసంవత్సరం మొదలవుతుందనగా కళాశాల గేటు దగ్గర ‘ర్యాగింగ్ శిక్షార్హమైన నేరం’ అన్న ఫ్లెక్సీ కడతారు, నోటీసు బోర్డులో కమిటీ సభ్యుల పేర్లు అంటిస్తారు, ప్రారంభ సభకు స్థానిక పోలీసు అధికారిని పిలిచి నాలుగు మాటలు చెప్పిస్తారు. అదే రాత్రి పదకొండు గంటలకు హాస్టల్ రెండో అంతస్తు వరండాలో మొదటి సంవత్సరం కుర్రవాడొకడు మెడ దాకా గుండీలు పెట్టుకొని, తన చొక్కా మూడో గుండీ మీది నుంచి చూపు కదపకుండా నిలబడి, పేరు, ఊరు, తండ్రి చేసే పని, ఈఏపీసెట్ ర్యాంకు వరసగా చెబుతూ ఉంటాడు. ఎక్కడ తడబడినా మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. పగటి సభలో చెప్పిన మాట ఆ రాత్రి వరండా దాకా చేరాలంటే కళాశాల ఏమేం చేయాలో ఈ వ్యాసంలో ఒక్కొక్క మెట్టుగా వివరిస్తాను.

నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను, అందులో ఏడేళ్లు బాలుర హాస్టల్‌కు వార్డెన్‌గా ఉన్నాను. ఆ ఏడేళ్లలో నాకు స్పష్టంగా అర్థమైంది ఒక్కటే. కొత్త విద్యార్థిని వరండాలో నిలబెట్టేవాడు సాధారణంగా నిరుడు అదే వరండాలో నిలబడినవాడే. కాబట్టి ర్యాగింగ్ నివారణలో మనం ముందుగా కూర్చొని మాట్లాడవలసింది కొత్తగా వచ్చే పిల్లలతో కాదు, మొదటి సంవత్సరం పూర్తి చేసుకుంటున్న పిల్లలతో. ఈ ఒక్క విషయాన్ని పట్టించుకున్న కళాశాలకు మిగతా పని సగానికి సగం తగ్గుతుంది.

చట్టాన్ని ముందు సరిగ్గా చదవండి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది. రాష్ట్ర విభజన తరువాత కూడా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాని ఆధారంగానే కేసులు నమోదవుతున్నాయి. విద్యార్థిని ఆటపట్టించి అవమానిస్తే ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. చేయి చేసుకున్నా, బెదిరించినా ఏడాది వరకు, నిర్బంధించినా, గాయపరిచినా రెండేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిచినా, అపహరించినా, లైంగిక దాడికి పాల్పడినా ఐదేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుంది. మరణానికి కారణమైనా, ఆత్మహత్యకు పురికొల్పినా యావజ్జీవం లేదా పదేళ్ల వరకు జైలుతో పాటు 50,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. ‘సరదాకి పేరు అడిగాం, అంతేగా’ అనే విద్యార్థికి ఇందులోని మొదటి మెట్టును చదివి వినిపించాలి, ఎందుకంటే ఒంటి మీద చేయి పడకపోయినా కేవలం అవమానించడమే నేరమని చట్టం అక్కడే చెప్పేసింది.

ప్రిన్సిపాళ్లు తప్పక చదవవలసిన భాగం మరొకటి ఉంది. ఫిర్యాదు అందిన వెంటనే సంస్థ అధిపతి విచారించాలనీ, ప్రాథమికంగా నిజమని తేలితే నిందితుడిని సస్పెండ్ చేయాలనీ ఆ చట్టం చెబుతుంది. ఆ పని చేయకుండా ఊరుకున్న అధిపతిని ఆ నేరానికి ప్రేరేపించినవాడిగానే పరిగణిస్తుంది. ‘కళాశాల పేరు పోతుంది’ అని విషయాన్ని లోలోపలే సర్దేసే ప్రిన్సిపాల్ కళాశాల పరువును కాపాడటం లేదు, తానే ముద్దాయిగా నిలబడే దారి వేసుకుంటున్నారు.

దేశం మొత్తానికి వర్తించే నిబంధనలు 2009లో వచ్చాయి. సీబీఐ మాజీ డైరెక్టర్ ఆర్.కె. రాఘవన్ నాయకత్వంలో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఏర్పాటైన కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని టాండా వైద్య కళాశాలలో అమన్ కచ్రూ అనే మొదటి సంవత్సరం విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. ఆ ఏడాదే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ర్యాగింగ్ నిరోధక నిబంధనలను ప్రకటించింది, జాతీయ హెల్ప్‌లైన్ కూడా మొదలైంది. 2016లో చేసిన సవరణతో రంగు, మతం, కులం, లింగం, రూపం, ప్రాంతం, భాష, ఆర్థిక స్థితి వంటివాటిని ఎత్తి చూపి వేధించడం కూడా ర్యాగింగ్ నిర్వచనంలోకి చేరింది. వైద్య కళాశాలలకు జాతీయ వైద్య కమిషన్ 2021లో విడిగా నిబంధనలు చేసింది.

2016 నాటి ఆ సవరణ మన దగ్గర ఎంత అవసరమో ‘నీ ర్యాంకెంత?’ అన్న ప్రశ్నను చూస్తే తెలుస్తుంది. పైకి అది చదువు గురించిన మాటగానే వినిపిస్తుంది. ర్యాంకు చెప్పగానే ‘ఆ ర్యాంకుకి ఈ బ్రాంచిలో సీటెలా వచ్చింది?’ అని మరో ప్రశ్న వస్తుంది, ఆ తరువాత ఇంటిపేరు అడుగుతారు. రెండు నిమిషాల్లో ఆ పిల్లవాడి కులం వరండా అంతటికీ తెలిసిపోతుంది. అధ్యాపకులు కూడా తరగతిలో ర్యాంకు అడిగే అలవాటును మానుకోవాలి, మనం పగలు అడిగిన ప్రశ్ననే వాళ్లు రాత్రి అడుగుతారు. కులం పేరుతో దూషించిన సందర్భాల్లో 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తించవచ్చని విద్యార్థులందరికీ ముందే చెప్పి ఉంచాలి.

మొదటి మెట్టు: విద్యాసంవత్సరం ముగిసేలోపే నేటి జూనియర్లతో మాట్లాడండి

మొదటి సంవత్సరం చివరి పరీక్షలకు నెల ముందు, ఆ విద్యార్థులను పది పన్నెండు మంది చొప్పున చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టాలి. రెండు వందల మందిని ఆడిటోరియంలో కూర్చోబెట్టి చెబితే ఎవరి గుండెకూ తగలదు. ఒక్కొక్కరికి తెల్లకాగితం ఇచ్చి, పేరు రాయనవసరం లేదని చెప్పి, ఈ కళాశాలలో తన మొదటి నెల ఎలా గడిచిందో రాయమనాలి. రాసినవి కలిపేసి, అధ్యాపకుడే ఒక్కొక్కటీ పైకి చదవాలి. వ్యాఖ్యానం అక్కరలేదు. నేనిలా చేసిన మొదటి ఏడాది ఒక కాగితంలో, ‘రాత్రి ఫోన్లో అమ్మతో మాట్లాడేటప్పుడు నవ్వుతూ మాట్లాడాలని పక్కన నిలబడి చెప్పేవాళ్లు’ అని ఒకే ఒక వాక్యం ఉంది. అది చదివిన తరువాత గదిలో ఎవరూ తల ఎత్తలేదు. అప్పుడు ఒకే ప్రశ్న అడిగాను: వచ్చే ఏడాది ఈ కాగితం ఇంకొకరి చేత రాయిద్దామా?

వాళ్లలో కొందరు ‘మేం పడ్డాం కదా, వాళ్లూ పడితేనే సీనియర్లంటే గౌరవం ఉంటుంది, బ్యాచ్ ఒక్కటవుతుంది’ అంటారు. ఆ మాటను కొట్టిపారేయకుండా ఓపికగా విని, జవాబు చెప్పాలి. తనకు ఎవరి వల్ల ధైర్యం కలిగిందో, ఎవరు నోట్సు ఇచ్చారో, జ్వరం వస్తే ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్లారో చెప్పమంటే, నిలబెట్టినవాడి పేరు ఒక్కరూ చెప్పరు. అది వాళ్ల నోటితోనే రావాలి.

దీనితో పాటు యూజీసీ నిబంధనల్లోనే ఉన్నా చాలా కళాశాలలు పట్టించుకోని పని ఒకటుంది. మొదటి సంవత్సరం పూర్తి చేస్తున్న విద్యార్థుల తల్లిదండ్రులకు సంస్థ ఉత్తరం రాసి, సెలవుల తరువాత తిరిగి వచ్చే తమ పిల్లలు ర్యాగింగ్‌కు పాల్పడకుండా చూడమని కోరాలి. ఆ ఉత్తరం తెలుగులో, సూటిగా ఉండాలి. మేము పంపినది దాదాపు ఇలా ఉండేది:

‘మీ అబ్బాయి వచ్చే నెల నుంచి సీనియర్ అవుతాడు. నిరుడు అతన్ని ఇక్కడ దించి వెళ్లేటప్పుడు మీకు కలిగిన బెంగే ఈసారి మరో ఇంటివారికి కలుగుతుంది. జూనియర్లను ఏ రూపంలో వేధించినా హాస్టల్, చదువు రెండూ పోతాయి, పోలీసు కేసు కూడా నమోదవుతుంది. ఈ ఉత్తరం అతని చేత చదివించి, ఇద్దరూ సంతకం చేసి పంపగలరు.’

సంతకంతో తిరిగి వచ్చిన ప్రతిని విద్యార్థి ఫైలులో ఉంచాలి. ఉత్తరం రాని ఇంటికి ఫోన్ చేయాలి.

రెండో మెట్టు: ఎక్కడ, ఏ వేళ జరుగుతుందో పటం గీయండి

ర్యాగింగ్ కళాశాల అంతటా, అన్ని వేళలా జరగదు. కొన్ని చోట్ల, కొన్ని గంటల్లోనే జరుగుతుంది. తరగతులు మొదలవడానికి రెండు వారాల ముందు వార్డెన్, ఇద్దరు అధ్యాపకులు, ఒక వాచ్‌మన్ కలిసి రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు ప్రాంగణమంతా కాలినడకన తిరిగి, ఏ మూల చీకటిగా ఉంది, ఏ మెట్ల దగ్గర కెమెరా లేదు, మేడ మీది తలుపు తాళం ఎవరి దగ్గర ఉంది అన్నవి కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. సీనియర్ల బ్లాకు గదులు, స్నానాల గదుల వైపు వరండా, మేడ, మెస్ వరస, క్యాంటీన్ వెనక భాగం ఎక్కడైనా ఉండేవే. వేళల విషయానికొస్తే, స్టడీ అవర్ ముగిసిన తరువాతి రెండు గంటలు, శనివారం రాత్రి, పండగ సెలవుకు ముందు రోజు రాత్రి, కరెంటు పోయిన సమయం ముఖ్యమైనవి. జనరేటర్ మెస్‌కు, ఆఫీసుకు మాత్రమే ఉండి వరండాలకు లేని హాస్టళ్లు చాలా ఉన్నాయి. ఆ వైరింగ్ మార్పించడం మీరు పెట్టే ఏ ఫ్లెక్సీ కన్నా మేలు చేస్తుంది.

మన ఇంజనీరింగ్ కళాశాలల్లో చాలామంది ఊళ్ల నుంచి రోజూ కళాశాల బస్సుల్లోనే వస్తారు కాబట్టి హాస్టల్‌ను ఒక్కదాన్నే చూస్తే సరిపోదు. వెనక సీట్లు సీనియర్లవి, సీటు ఖాళీగా ఉన్నా జూనియర్ నిలబడే ప్రయాణం చేయాలి, అడిగితే పాట పాడాలి అన్న రివాజులు ఊరి పొలిమేర దాటగానే మొదలవుతాయి. మొదటి సంవత్సరం వారికి ముందు వరసల్లో సీటు నంబర్లు కేటాయించి, ఆ పట్టిక బస్సులోనే అంటించి, మొదటి మూడు నెలలు ప్రతి బస్సులో ఒక అధ్యాపకుడు ప్రయాణించేలా చూస్తే ఇది ఆగిపోతుంది. డ్రైవర్‌తో విడిగా మాట్లాడి, వెనక గొడవ వినిపిస్తే బస్సును పక్కకు ఆపి ఫలానా నంబరుకు ఫోన్ చేయవచ్చని అధికారం ఇవ్వాలి.

పటంలో కనబడని చోట్లు రెండు ఉన్నాయి. ఒకటి, కళాశాల చుట్టుపక్కల ప్రైవేటు హాస్టళ్లు, అద్దె గదులు. ప్రైవేటు హాస్టళ్లను స్థానిక పోలీసుల దగ్గర నమోదు చేయించాలని నిబంధనలే చెబుతున్నాయి. యజమానుల ఫోన్ నంబర్లు తీసుకొని, స్టేషన్ వారితో కలిసి ఒకసారి వాళ్ల సమావేశం పెట్టాలి. రెండోది వాట్సాప్. సీట్లు కేటాయించిన వారంలోనే సీనియర్లు ‘ఫ్రెషర్స్’ పేరుతో గ్రూపు పెట్టి, జూనియర్లు ఏ బట్టలు వేసుకోవాలో, ఎవరిని ఎలా ‘విష్’ చేయాలో అక్కడే ఆదేశాలిస్తారు. ఇలాంటి అనధికార గ్రూపుల ద్వారా వేధించడాన్ని ర్యాగింగ్‌గానే పరిగణించాలని యూజీసీ 2025లో కళాశాలలకు స్పష్టం చేసింది. దీనికి విరుగుడు తేలికే: సీటు వచ్చిన రోజే కళాశాల తన గ్రూపును పెట్టి, బస్సు వేళలు, ఫీజు, పుస్తకాల వివరాలన్నీ అందులోనే చెబితే, సమాచారం కోసం సీనియర్ల గ్రూపులో చేరవలసిన అగత్యం పిల్లలకు ఉండదు.

బాలికల హాస్టళ్లలో ర్యాగింగ్ ఉండదనుకోవడం పొరపాటు. నూనె రాసి రెండు జడలు వేసుకోవాలి, చున్నీకి రెండు వైపులా పిన్నులు పెట్టాలి, సీనియర్ల బకెట్లు నింపి పెట్టాలి, వాళ్ల బట్టలు ఆరేయాలి అన్న ఆంక్షలు ‘పద్ధతి నేర్పించడం’ అన్న పేరుతో నడుస్తాయి. వాటికి పెద్దల్లో కూడా ఆమోదం ఉంటుంది కాబట్టే అవి ఫిర్యాదు దాకా రావు.

మూడో మెట్టు: కమిటీని పని చేయించండి

కమిటీలో ఎవరెవరు ఉండాలో నిబంధనల్లో స్పష్టంగానే ఉంది: సంస్థ అధిపతి, పోలీసు, పౌర యంత్రాంగాల ప్రతినిధులు, స్థానిక పాత్రికేయులు, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, అధ్యాపకులు, తల్లిదండ్రులు, కొత్త, పాత విద్యార్థులు, బోధనేతర సిబ్బంది. తిరిగి తనిఖీలు చేసే స్క్వాడ్ వేరే ఉంటుంది, అందులో బయటివారు ఉండరు. పేర్లు రాయడం పది నిమిషాల పని. ఆ పేర్లను రెండో మెట్టులో గీసిన పటానికి, వేళలకు జత చేయడమే అసలు పని. ఏ రాత్రి ఏ బ్లాకుకు ఎవరు వెళ్తారన్న పట్టిక ఉండాలి, కానీ అది బయటికి తెలియకూడదు. సరిగ్గా తొమ్మిదిన్నరకు వచ్చి తొమ్మిదీ నలభైకి వెళ్లిపోయే తనిఖీ ఎవరినీ ఆపదు, తొమ్మిదీ నలభై ఐదుకు మొదలుపెట్టవచ్చని వాళ్లకు చెప్పినట్లవుతుంది. వెళ్లిన ప్రతిసారీ రిజిస్టర్‌లో వేళ, చూసినది, సంతకం రాయాలి.

బోధనేతర సిబ్బందిని నేను అన్నిటికన్నా ముఖ్యంగా భావిస్తాను. హాస్టల్‌లో ఏం జరుగుతుందో వార్డెన్ కన్నా వారం ముందే మెస్‌లో వడ్డించే మనిషికి, ఊడ్చే ఆయమ్మకు, వాచ్‌మన్‌కు తెలుస్తుంది. ఎవరు రెండు కంచాలు పట్టుకొని మేడ ఎక్కుతున్నారు, ఎవరు ఎవరి బట్టలు ఉతుకుతున్నారు, ఎవరు రెండు రోజులుగా అన్నానికి రాలేదు అన్నవి వాళ్ల కళ్ల ముందే జరుగుతాయి. వాళ్లను ఒక పూట కూర్చోబెట్టి ఏవి గమనించాలో చెప్పి, చెప్పినవారి పేరు బయటపెట్టబోమని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

నాలుగో మెట్టు: చేరిన రోజు

విద్యార్థీ, తల్లిదండ్రులూ ర్యాగింగ్ వ్యతిరేక ప్రమాణపత్రాన్ని జాతీయ పోర్టల్‌లో ప్రతి ఏడాదీ నింపాలి. మీ సేవ దగ్గరో ఇంటర్నెట్ సెంటర్ దగ్గరో ఎవరో నింపేసి చేతికిచ్చే కాగితంగా అది మారిపోయింది. కాబట్టి చేరిక కౌంటర్ పక్కనే ఒక అధ్యాపకుడు కూర్చొని, అందులోని అంశాలను ప్రతి కుటుంబానికీ తెలుగులో ఐదు నిమిషాలు వివరించాలి. పిల్లవాడి జేబులో పట్టే కార్డు ఇవ్వాలి. దాని మీద వార్డెన్, ప్రిన్సిపాల్, స్క్వాడ్ సభ్యుల ఫోన్ నంబర్లు, స్థానిక స్టేషన్ నంబరు, అత్యవసర సేవ 112, జాతీయ ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522, మానసిక సహాయానికి టెలీమానస్ 14416 ఉండాలి. ఫోన్ లాక్కుంటే ఏం చేయాలో కూడా అప్పుడే చెప్పాలి. హాస్టల్ కింది అంతస్తులో ఎవరైనా వాడుకోగలిగే ఫోన్ ఒకటి, దాని పక్కన నిలబడి వినేవారెవరూ లేని చోట, తప్పనిసరిగా ఉండాలి.

కొత్త విద్యార్థులకు వీలైనంతవరకు వేరే బ్లాకు ఇవ్వాలి, అక్కడికి సీనియర్ల రాకపోకలను నమోదు చేయాలి. పూర్తికాలం వార్డెన్ లేని హాస్టల్‌లో ఈ వ్యాసంలోని మిగతా ఏ పనీ నిలవదు.

ఐదో మెట్టు: మొదటి రెండు వారాలు

‘ఫ్రెషర్స్ డే అయ్యేదాకా ఇంతే’ అన్నది తెలుగు రాష్ట్రాల్లో ప్రతి జూనియర్ వినే మాట. ఆ వేడుక అయ్యాక పేరు పెట్టి పిలవవచ్చు, తల ఎత్తి నడవవచ్చు, అప్పటిదాకా కాదు. అంటే ఆ వేడుకను ఎంత ఆలస్యం చేస్తే వేధింపుకు అంత గడువు ఇచ్చినట్లే. కొన్ని కళాశాలల్లో డబ్బులు వసూలు కాలేదనో, హాలు దొరకలేదనో మూడు నెలల దాకా జరపరు. వీలైనంతవరకు విద్యాసంవత్సరం మొదలైన రెండు వారాల్లోపే అధ్యాపకుల సమక్షంలో స్వాగత వేడుక జరపాలని నిబంధనలు అంటున్నాయి. ఖర్చు కళాశాలే పెట్టుకొని, పన్నెండో రోజుకే, పగటి పూట, విభాగాల వారీగా జరిపించేయాలి. జూనియర్ల చేత బలవంతంగా వేదిక మీద ఏదీ చేయించకూడదు.

పరిచయం అవసరం లేదని నేను అనడం లేదు. ఎక్కడో పాలకొండ నుంచో ఆసిఫాబాద్ నుంచో వచ్చిన పిల్లకు మొదటి వారంలో కావలసింది దారి చూపే అక్క ఒకరు. ఒక్కో బృందంలో ఆరుగురు కొత్తవారికి ఒక మెంటర్ చొప్పున సీనియర్లను నియమించాలని నిబంధనల్లోనే ఉంది. మెంటర్లను మార్కులు చూసి ఎంపిక చేయకండి. మొదటి మెట్టులో ఆ చిన్న బృందాల్లో మాట్లాడిన తీరును బట్టి ఎంపిక చేయండి. వాళ్లకు స్పష్టమైన పనులు ఇవ్వండి: ల్యాబ్‌లు, లైబ్రరీ చూపించడం, ఏ పాఠ్యపుస్తకం కొనాలి, ఏది కొననక్కరలేదు అని చెప్పడం, బ్యాంకు, ఆస్పత్రి ఎక్కడున్నాయో చూపడం, వారానికొకసారి ఆరుగురితో కలిసి భోజనం చేయడం. సీనియర్ అన్న పెద్దరికానికి చేయడానికి మంచి పని ఒకటి దొరికితే, వరండాలో ఎవరినో నిలబెట్టి దాన్ని చాటుకోవలసిన అవసరం చాలామందికి ఉండదు.

ఆరో మెట్టు: మొదటి మూడు నెలలు అడుగుతూనే ఉండండి

మొదటి మూడు నెలలూ పదిహేను రోజులకొకసారి పేర్లు లేని సర్వే చేయాలి. ‘మీరు ర్యాగింగ్‌కు గురయ్యారా?’ అని అడిగితే నూటికి నూరు మందీ లేదనే రాస్తారు, ఎందుకంటే తమకు జరిగినది ర్యాగింగ్ అనుకోవడానికి వాళ్లే సిద్ధంగా లేరు. జరిగిన పనుల గురించి అడగాలి. గత పదిహేను రోజుల్లో ఎన్ని రాత్రులు పన్నెండు తరువాత నిద్రపోయారు, ఎందుకు? ఎవరి రికార్డయినా రాసి పెట్టారా? ఎవరి ఫోన్‌కైనా రీచార్జ్ చేయించారా, ఎవరికైనా టిఫిన్ తెచ్చిపెట్టారా, ఆ డబ్బు తిరిగి వచ్చిందా? ప్రాంగణంలో మీరు వెళ్లడానికి ఇష్టపడని చోటు ఏది? ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబులను మీ పటంతో పోల్చి చూడండి. నలుగురు ఒకే చోటు పేరు రాశారంటే ఆ రాత్రి నుంచే అక్కడ మనిషిని పెట్టాలి.

రికార్డుల సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, ఆ కథ చెప్పవలసిందే. నేను వార్డెన్ అయిన మూడో ఏడాది ఒక కుర్రవాడు, ఒక సీనియర్ రాత్రిళ్లు నిద్రపోనివ్వడం లేదని వచ్చి చెప్పాడు. మేము ఇద్దరినీ ప్రిన్సిపాల్ గదికి పిలిచి, సీనియర్ చేత క్షమాపణ చెప్పించి, చేతులు కలిపించి పంపేశాం. సమస్య తీరిందని సంతోషించాం కూడా. ఆ తరువాత మెస్‌లో అతని బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. సంక్రాంతి సెలవులకు వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఫిబ్రవరిలో వాళ్ల నాన్నగారు టీసీ కోసం వచ్చినప్పుడు నేనే గది తెరిచి పెట్టె దించాను. అందులో రెండో సంవత్సరం ల్యాబ్ రికార్డులు మూడు ఉన్నాయి. అట్టల మీద మేము చేతులు కలిపించిన ఆ సీనియర్ పేరు, లోపలంతా ఈ కుర్రవాడి గుండ్రటి చేతిరాత. ఆయన ఒక రికార్డు తెరిచి చూసి, ఏమీ అనకుండా మూసి నా చేతికిచ్చారు. మనం ఎదురుగా పెట్టుకొని సంతకం పెట్టే పుస్తకంలోనే సాక్ష్యం ఉన్నా, ఏ ల్యాబ్ అధ్యాపకుడూ చేతిరాత వంక చూడలేదు. అప్పటి నుంచి రెండో సంవత్సరం రికార్డులు దిద్దేటప్పుడు చేతిరాతను పరీక్ష పేపర్‌తో పోల్చి చూడడం మా విభాగంలో నియమంగా పెట్టుకున్నాం.

చూడవలసిన మరికొన్ని గుర్తులు ఇవి: మొదటి గంటలో కునుకుపాట్లు, ఉన్నట్టుండి జుట్టు బాగా కత్తిరించుకొని రావడం, మెస్‌కు అందరూ తిన్నాక రావడం, ప్రతి వారాంతం ఏదో ఒక వంకతో ఇంటికి వెళ్లడం, సీనియర్ ఎదురైతే దారి మార్చుకోవడం. ఇవేవీ రుజువులు కావు. కానీ ఒక్కొక్కటీ పిల్లవాడిని పక్కకు పిలిచి టీ ఇప్పించి మాట్లాడడానికి తగినంత కారణమే.

ఏడో మెట్టు: ఫిర్యాదు వచ్చినప్పుడు

మొదటి గంటలో ఏం చేస్తామన్నదాన్ని బట్టే మిగతాదంతా నడుస్తుంది. వచ్చిన విద్యార్థిని తలుపు వేసిన గదిలో కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, చెప్పనివ్వాలి. ‘నువ్వేమన్నావు?’, ‘ఇంత చిన్నదానికేనా?’, ‘ముందే ఎందుకు చెప్పలేదు?’ అన్న మూడు ప్రశ్నలూ నోటి దాకా వచ్చినా ఆపుకోవాలి. చెప్పినది అతని మాటల్లోనే, తేదీ, వేళ, చోటు, చూసినవారి పేర్లతో రాయించుకోవాలి. నిందితుడిని అదే గదిలోకి పిలిచి ఎదురెదురుగా మాట్లాడించడం ఎప్పుడూ చేయకూడదు. దెబ్బలుంటే వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి నివేదిక తీసుకోవాలి. సందేశాలను స్క్రీన్‌షాట్లు తీసి, ఫోన్‌లోని అసలు సందేశాలను చెరపవద్దని చెప్పాలి. కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లో వాటంతట అవే చెరిగిపోతాయి కాబట్టి ఆ రోజే వేరే డ్రైవ్‌లోకి తీసి భద్రపరచాలి. తల్లిదండ్రులకు ఫోన్ చేసి జరిగినది జరిగినట్లు చెప్పాలి.

ఆ రాత్రి గది మారవలసి వస్తే ఫిర్యాదు చేసినవాడు మారకూడదు, నిందితుడే మారాలి. పెట్టె సర్దుకొని వరండా అంతా చూస్తుండగా బయటికి వెళ్లేది బాధితుడైతే, ఫిర్యాదు చేసినవాడికే శిక్ష పడిందని హాస్టలంతా అనుకుంటుంది.

నేరం జరిగినట్లు కనబడితే సంస్థ అధిపతి 24 గంటల్లోపు పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్ఐఆర్ నమోదు చేయించాలి. ‘కుటుంబాలు రాజీపడ్డాయి’ అన్నది దీనికి అడ్డు కాదు. పోలీసు దర్యాప్తు దారి దానిదే, కళాశాల విచారణ దారి దీనిదే. ఒకటి ముగిసేదాకా రెండోది ఆగనక్కరలేదు. శిక్షలు తప్పు తీవ్రతకు తగినట్లుగా మెట్లు మెట్లుగా ఉంటాయి: తరగతుల నుంచి సస్పెన్షన్, ఉపకార వేతనం నిలుపుదల, పరీక్షలకు అనుమతించకపోవడం, హాస్టల్ నుంచి తొలగింపు, ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్ల వరకు బహిష్కరణ, ప్రవేశం రద్దు. చేసినవారెవరో తేలనప్పుడు సామూహిక శిక్షకూ వీలుంది, కానీ నేను దాన్ని ఆఖరి మార్గంగానే చూస్తాను. తప్పు చేయని ముప్పై మందిని శిక్షిస్తే ఆ కోపమంతా మళ్లీ ఫిర్యాదు చేసినవాడి మీదికే మళ్లుతుంది. నిందితుడి వాదన కూడా పూర్తిగా విని రాసుకోవాలి. విచారణ సరిగ్గా జరగకపోతే కోర్టులో శిక్ష నిలవదు.

ఆ తరువాత కనీసం ఒక సెమిస్టర్ పాటు, వారానికొకసారి, ఫిర్యాదు చేసిన విద్యార్థిని ఎవరో ఒక అధ్యాపకుడు కలవాలి. మా కుర్రవాడి విషయంలో మేము చేయనిది ఇదే.

తల్లిదండ్రులకు, విద్యార్థులకు

పిల్లలకు రోజూ ఫోన్ చేసే తల్లిదండ్రులు ‘బాగున్నావా, తిన్నావా’ అని అడిగితే ‘ఆఁ’ అన్న జవాబే వస్తుంది. నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, ఎవరితో కలిసి తిన్నావు అని అడగండి. వీడియో కాల్ చేసి గది చూపించమనండి. అనుమానం కలిగితే ‘సర్దుకుపో, మగాడివి’ అనకండి. నేరుగా వార్డెన్‌కు, జవాబు సరిగ్గా లేకపోతే హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. తల్లిదండ్రులు కూడా ఫిర్యాదు చేయవచ్చు.

కొత్తగా చేరిన విద్యార్థులు మొదటి రోజే తమ బ్యాచ్‌లో ముగ్గురు నలుగురితో స్నేహం చేసుకోవాలి. ఒంటరిగా ఉన్నవారినే గదికి పిలుస్తారు. రమ్మంటే ‘వార్డెన్ సార్ పిలిచారు’ అని చెప్పి కిందికి వచ్చేయండి, అది అబద్ధమైనా ఏ వార్డెనూ తప్పుపట్టరు. జరిగిన ప్రతిదాన్నీ తేదీతో రాసి పెట్టుకోండి. పక్కవాడికి జరుగుతున్నదాన్ని చూసినవారు కూడా చెప్పవచ్చు. సమాచారం ఇచ్చినవారి పేరు గోప్యంగా ఉంచాలనీ, చెప్పినందుకు వారికి ఏ నష్టం కలగకూడదనీ నిబంధనలు చెబుతున్నాయి. మనసు మరీ కుంగిపోయి, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఏ వేళైనా 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఆ రాత్రి ఒంటరిగా మాత్రం ఉండకండి.

ఎనిమిదో మెట్టు: పుస్తకం అప్పగించండి

వార్డెన్లు మారుతూ ఉంటారు, ప్రిన్సిపాళ్లు బదిలీ అవుతారు, నిరుడు తెలిసినదంతా వాళ్లతోనే వెళ్లిపోతుంది. అందుకని తనిఖీ రిజిస్టర్, సర్వే జవాబులు, చీకటి మూలలు గుర్తించిన పటం, వచ్చిన ఫిర్యాదులు, వాటి మీద తీసుకున్న చర్యలు అన్నీ ఒకే పుస్తకంగా కుట్టించి ఉంచాలి. అనుబంధ కళాశాలలు మొదటి మూడు నెలలు వారానికొకటి, తరువాత నెలకొకటి చొప్పున విశ్వవిద్యాలయానికి పంపవలసిన నివేదికలను కూడా ఇందులోనుంచే తయారు చేసుకోవచ్చు. ఏటా ఆగస్టు 12న జరిపే ర్యాగింగ్ వ్యతిరేక దినం నాడు పాత వార్డెన్, కొత్త వార్డెన్ ఆ పుస్తకం పట్టుకొని, పగలు కాదు, రాత్రి పదకొండు గంటలకు, ప్రతి వరండాలో కలిసి నడవాలి. ఈ ఏడాది మొదటి సంవత్సరం తల్లిదండ్రులకు ఉత్తరాలు వెళ్లవలసిన తేదీని ఆఖరి పేజీలో రాసి, దాని కింద కొత్త వార్డెన్ సంతకం పెట్టాలి.